కుందేళ్ళకు జ్వరం వచ్చిన ఏడాది

మీ పరిశోధన దేని మీద అని ఎవరైనా అడిగితే జవాబుకన్నా ముందు నాకు అలసట వస్తుంది. ఊదారంగు బాక్టీరియా పైపొర మీద అంటాను. దానివల్ల ఉపయోగం ఏమిటని వెంటనే రెండో ప్రశ్న. దానికీ జవాబుంది. కానీ నేను సగం చెప్పేసరికే అడిగినవాళ్ళు ఫోను చూసుకుంటూ ఉంటారు. ఇక్కడ అడ్డుపడేవాళ్ళు లేరు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా వచ్చి కార్పొరేషన్‌లో మురుగుకాలువల పనికి కుదిరాడు. ఆయన తర్వాత నాన్నదీ అదే పని. నేను కార్పొరేషన్ క్వార్టర్లలో పుట్టి అక్కడే పెరిగాను. బడిలో బెంగాలీ, ఇంగ్లీషు చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ ఆదివారాలు బైబిలు ముందు కూర్చోబెట్టి నేర్పింది. మా క్వార్టర్ల లైన్లో నా వయసువాళ్ళకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు వచ్చిందంటే అది అమ్మ మొండితనమే. నేను ఎమ్మెస్సీలో ఉండగా అమ్మ పోయింది. ఇంట్లో నాన్న, నేను మిగిలాం.

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలో మా గైడు మేడమ్ పిలిచి, "వెలుతురు తిని బతికే బాక్టీరియా మీద పనిచేద్దాం. దుకాణంలో కొన్న రకం వద్దు. మన నగరం మురుగులోంచే ఒకటి వెతికి తీసుకురా" అంది. ఆవిడ బెంగాలీ. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. సన్నగా, ఎప్పుడూ నేత చీరల్లో ఉండేది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, మాటలు తగ్గించేది.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను. మొక్కల్లాగే వెలుతురుతో బతుకుతాయట, గాలి ఆడని బురదలో పెరుగుతాయట, బురద వంకాయ రంగుకి తిరుగుతుందట అని.

"వంకాయ రంగు బురదేటి? ఉన్నాదమ్మా" అన్నాడు నాన్న, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "భేరీల గట్లకింద గుంటలుంటాయి. ఎండలకాలంలో సూడాల. ఎల్దాం రేపు. నాను సూపిస్తాను."

కలకత్తా మురుగంతా తూర్పుకి పారుతుంది. అక్కడ ఆ నీళ్ళతోనే చేపల చెరువులు నడుస్తాయి. వాటినే భేరీలంటారు. శనివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. నాన్న అప్పటికి రిటైరై రెండేళ్ళు. మోకాళ్ళు బాగోలేవు. అయినా గట్టు మీద నాకన్నా ముందు నడిచాడు. ఒకచోట ఆగి, కర్రతో పైనున్న పాచిని పక్కకి తోశాడు. కింద బురద నిజంగానే వంకాయ తొక్కు రంగులో ఉంది.

"ఇదేనా?"

"ఇదే నాన్నా."

"ముప్పైయేళ్ళు దీన్ని తొక్కుకుంటా తిరిగినాను. దీనిమీద సదువుంటాదని తెల్దు."

నాలుగు సీసాల్లో బురద నింపుకుని వచ్చాం. బస్సులో పక్కనున్నావిడ ముక్కు మూసుకుని సీటు మారింది. నాన్న నవ్వాడు. నాకు మాత్రం సిగ్గేసింది.

ఆ బురదలోంచి ఒకే ఒక రకాన్ని వేరుచేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఈ బాక్టీరియా ఒంటిమీద ఒక పైపొర ఉంటుంది. అందులో ముఖ్యమైన పదార్థం పేరు లైపోపాలీశాకరైడ్. మేం ఎల్‌పీఎస్ అంటాం. కొవ్వూ చక్కెరలూ కలిసిన పెద్ద అణువు అది. కొవ్వు కొస పొరలోకి దిగి ఉంటుంది. దాని మీద కొన్ని చక్కెరల ముడి, ఆ ముడి నుంచి బయటికి వేలాడే పొడుగాటి చక్కెరల గొలుసు. మన ఒంట్లోకి బాక్టీరియా వస్తే, మన రక్తం ముందుగా గుర్తుపట్టేది ఆ గొలుసునే. దానికి సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది.

మన పేగుల్లో ఉండే బాక్టీరియాకూ ఇదే పదార్థం ఉంది. అది పేగులు దాటి రక్తంలో పడితే మాత్రం విషం. చలి, జ్వరం, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం. ఊదా బాక్టీరియాల్లో చాలావాటి ఎల్‌పీఎస్‌కు ఆ విషం లేదు. కొన్నిటిదైతే అసలు విషానికే అడ్డుపడుతుందని తెలుసు. ఇంటి ప్లాను ఒకటే, వాడిన ఇటుకలు వేరు. మా బురదలో దొరికినదానికి ఏ ఇటుకలున్నాయి, పేగు బాక్టీరియాతో దానికి చుట్టరికం ఉందా లేదా, ఇవి తేల్చడం నా పని.

వినడానికి బాగానే ఉంటుంది. చేయడం మాత్రం కూలిపని. గాలి చొరకుండా సీసాలు మూతిదాకా నింపి బల్బుల ముందు పెట్టాలి. ఐదారు రోజులకి బీట్‌రూట్ రసంలా అవుతాయి. అలాంటి సీసాలు వందల్లో నింపితే గుప్పెడు బాక్టీరియా ముద్ద వస్తుంది. ఆ ముద్దని వేడి ఫినాల్‌లో కలపాలి. ఆ వాసన మూడు స్నానాలు చేసినా జుట్టులోంచి పోదు. నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ తెల్లటి మచ్చ ఉంది, అది ఫినాల్ పెట్టిన సంతకం. తర్వాత నీటిభాగాన్ని వేరుచేసి, నాలుగు రోజులు కుళాయి కింద కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గడ్డకట్టించి ఎండబెడితే, రంగంతా పోయి చిటికెడు తెల్లటి పొడి మిగులుతుంది. నెలల తరబడి చాకిరీ చేస్తే చిటికెడు పొడి.

మూడో మనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. మా డిపార్ట్‌మెంటు వెనక కుందేళ్ళని ఉంచే యానిమల్ హౌస్ ఉండేది. అక్కడ పనిచేసేది ఒకే మనిషి. నేను ఆయన్ని దాదా అనేదాన్ని, ఆయన నన్ను దిది అనేవాడు. సుందర్‌బన్ వైపు మనిషి. మాట తక్కువ. ఆఫీసు తెప్పించే మేత చాలదని పొద్దున్నే మైదానంలో గరిక కోసుకొచ్చి కుందేళ్ళకు వేసేవాడు. ప్రతిరక్షకాల కోసం, వేడితో చంపిన మా బాక్టీరియాని కుందేలు చెవినరంలోకి ఎక్కించాలి. ఆయన కుందేలుని తువ్వాల్లో చుట్టి పట్టుకునేవాడు. నేను సూది గుచ్చేదాన్ని. మొదటి జత కుందేళ్ళు సూది వేసిన గంటకే గరిక నమలడం మొదలుపెట్టాయి.

"నీ మందు మంచిదే దిది. వీటికి ఏమీ కాలేదు" అన్నాడు.

వాటి రక్తం తీసేలోపే లాక్‌డౌన్ వచ్చింది. డిపార్ట్‌మెంటుకి తాళం పడింది. నెలల తర్వాత తెరిచేసరికి కుందేళ్ళు లేవు. నా బాక్టీరియాని దాచిపెట్టిన కల్చర్ గొట్టాలు పన్నెండింటిలో పదకొండు ఎండిపోయాయి. ఒక్కదాంట్లో మాత్రం అడుగున ఊదారంగు మిగిలింది. దాన్ని పట్టుకుని నేను ఏడ్చిన మాట నిజం. వెంటనే కొత్త సీసాలోకి వేశాను. వారానికి సీసా ఎర్రబడింది. బతికింది కదా అనుకుని అక్కడినుంచే పని సాగించాను.

అప్పుడు నేను చేయాల్సింది ఒకటుంది. బాక్టీరియాని జెల్లు పోసిన ప్లేటు మీద పలచగా గీసి, విడివిడిగా వచ్చిన చుక్కల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకుని, ఉన్నది అదొక్కటేనని చూసుకోవాలి. మొదటి పాఠంలోనే చెప్పే విషయం. దానికి నెల పడుతుంది. అప్పటికే ఏడాది పోయింది. నేను చూడలేదు. సీసా ఎర్రగా ఉంది, అది చాలనుకున్నాను.

తర్వాతి ఏడాదిన్నర నా జీవితంలో అన్నిటికన్నా బాగా సాగిన కాలం. పొడి ఎక్కువగా వచ్చింది. దాన్ని ఆమ్లంతో విడగొట్టి ఏయే చక్కెరలున్నాయో చూస్తే, అందులో ఏడు కర్బనాల చక్కెర కనిపించింది. మా రకానికి దగ్గరి చుట్టాలైన ఊదా బాక్టీరియాల్లో అది ఉండదు. పేగు బాక్టీరియాలో ఉంటుంది. కొత్త కుందేళ్ళకు సూదులు వేసి, వాటి రక్తంలోంచి ప్రతిరక్షకాలుండే సీరమ్ తీసి అగర్ పలకలో పరీక్ష పెట్టాను. జెల్లులాంటి ఆ పలకలో చిన్న గుంటలు తవ్వి, ఒకదాంట్లో సీరమ్, ఎదురుగా ఉన్నవాటిలో రకరకాల ఎల్‌పీఎస్ పోస్తాం. అవి నానుతూ ఎదురెదురుగా వచ్చి, ఒకదాన్నొకటి గుర్తుపట్టినచోట సన్నటి తెల్లగీత పడుతుంది. మా సీరమ్ పేగు బాక్టీరియా ఎల్‌పీఎస్‌తో కూడా గీత గీసింది. మా పొడి గుంట వైపునుంచి వచ్చిన గీత ఆ గీతతో కలిసిపోయింది. అంటే రెండింటిలో ఒకే గుర్తు ఉందన్నమాట.

మేడమ్ ఆ పలకని దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇలాంటిది నేను చూడలేదు" అంది. రిటైర్మెంటుకి ఇంకా ఏడాదే ఉంది ఆవిడకి. ఆ వారంలోనే పేపరు రాయడం మొదలుపెట్టింది. రాసేటప్పుడు ఆవిడ ముఖంలో అలసట కనిపించేది కాదు. పేపరు పంపాం.

మా దగ్గర మూడు కుందేళ్ళున్నాయి. వాటికి మళ్ళీ సూదులు వేసే వారంలో దాదా నా దగ్గరికి వచ్చాడు.

"దిది, కుందేళ్ళకు మళ్ళీ జ్వరం. చెవులు కాలిపోతున్నాయి. గరిక ముట్టడం లేదు."

"తెలుసు దాదా. అదే మా ఫలితం. ఈ బాక్టీరియా విషం కలది."

"పాతవాటికి రాలేదు కదా."

"పాతవాటికి తక్కువ ఎక్కించాం."

"తక్కువేం కాదు. పట్టుకుంది నేనే కదా. సూది నిండా ఎక్కించావు."

నాకు చిరాకేసింది. సీసాలు కడగాలి, క్లాసు ఉంది, తల నొప్పి. "దాదా, అది నాకు వదిలెయ్యండి" అన్నాను. రెండు రోజులకి ఒక కుందేలు చచ్చిపోయింది. ఆయన దాన్ని కాగితంలో చుట్టి నా బల్ల దాకా తెచ్చి చూపించి తీసుకెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే నాన్నకి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం ఇంటికి ఫోను చేస్తే పక్కింటావిడ ఎత్తింది. మీ నాన్న మంచం అదిరిపోయేలా వణుకుతున్నాడు, రా అంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి రక్తపోటు పడిపోయింది. మాటలు తడబడుతున్నాయి. మూత్రంలో పుట్టిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నాడు డాక్టరు. అది ఏ బాక్టీరియాయో, దాని ఒంటిమీద ఏ పొర ఉందో, ఆ పొరలో ఏ కొవ్వు ఆ వణుకు తెస్తోందో నాకు వరసపెట్టి తెలుసు. చేయడానికి మాత్రం తడిగుడ్డ వేయడం తప్ప ఏమీ లేదు.

తొమ్మిది రోజులు వార్డులో కూర్చున్నాను. నాలుగో రోజుకి గండం గడిచిందన్నారు. ఆ తర్వాత చేసే పనేమీ లేదు, ఆలోచించడం తప్ప. నాన్న తల సర్దుతున్నప్పుడు చెవి తగిలి, దాదా అన్నమాట గుర్తొచ్చింది. పాతవాటికి రాలేదు కదా. ఆయన చెప్పింది నిజమే. మొదటి జతకి కూడా నిండుగానే ఎక్కించాను, నోటుబుక్కులో రాసి ఉంది. మరి లాక్‌డౌన్ ముందు కుందేళ్ళని ఏమీ చేయని బాక్టీరియా, లాక్‌డౌన్ తర్వాత విషం ఎలా అయింది? ఆ ఒక్క గొట్టం గురించి ఆలోచించాను. మురుగులోంచి తెచ్చినది. అందులో పేగు బాక్టీరియా ఒకటి చాటున దాక్కుని వచ్చి, మొదట పిసరంతే ఉండి, తాళం పడిన నెలల్లో పెరిగి ఉంటే? గాలి లేకపోయినా బతుకుతుంది అది. ఊదారంగు మధ్య దాని తెలుపు ఎవరికి కనిపిస్తుంది?

నాన్నని ఇంటికి తెచ్చిన మర్నాడే లాబ్‌కి వెళ్ళి, సీసాలోంచి ఒక చుక్క తీసి ప్లేటు మీద గీశాను. మా బాక్టీరియా ప్లేటు మీద కనిపించడానికి నాలుగైదు రోజులు కావాలి. మర్నాడు పొద్దున్నకే మీగడ రంగు చుక్కలు ప్లేటంతా పొంగి ఉన్నాయి.

మరో పరీక్ష కూడా చేశాను. సీరమ్‌లో పేగు బాక్టీరియా కలిపి, దాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలన్నీ తీసేసి, మళ్ళీ పలక పెట్టాను. పేగు బాక్టీరియా గీత మాయమైంది. మా పొడి ముందు మాత్రం ఇంకో గీత చెక్కుచెదరకుండా నిలిచింది. అంటే ఒకే గుర్తు రెండింటిలో లేదు. నా సీసాలో రెండు రకాల బాక్టీరియా ఉన్నాయి, నా పొడిలో రెండు రకాల ఎల్‌పీఎస్ ఉంది. ఏడు కర్బనాల చక్కెర, విషం, చుట్టరికం, మూడూ ఆ రెండోదానివే.

మేడమ్ గదికి ప్లేటు పట్టుకుని వెళ్ళాను. "కల్చర్ శుభ్రంగా లేదు మేడమ్" అన్నాను.

ప్లేటు తీసుకుని కిటికీ వైపు పట్టింది. "ఎప్పుడు వేశావు?"

"మొన్న మధ్యాహ్నం. నిన్న పొద్దున్నకే ఇలా ఉంది."

"మన దానికి ఎన్ని రోజులు కావాలి?"

ఆవిడకి తెలియక కాదు. "నాలుగైదు" అన్నాను. పలకని కూడా చూపించాను. దాన్ని చూడటానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇంకెవరికి చూపించావు?"

"ఎవరికీ లేదు."

"తలుపు వెయ్యి."

తలుపు వేశాను. ఇప్పుడు దాచాల్సిన అవసరం లేదు కాబట్టి చెప్తున్నాను. ఆ క్షణంలో ఆవిడ 'ఎవరికీ చెప్పకు' అనాలని కోరుకున్నాను. అని ఉంటే వినేదాన్ని. తొమ్మిది రోజుల ఆసుపత్రి, ఏడాదిన్నర ఫినాల్, అప్పటికి నాలో మంచీచెడూ చూసే ఓపిక లేదు.

ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసింది. "నేనూ ఒక్కసారైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూడలేదు" అంది. అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. బాగున్నారన్నాను. "ఇంటికి వెళ్ళు ఇవాళ."

రెండు రోజులు ఆవిడ డిపార్ట్‌మెంటుకి రాలేదు. మూడో రోజు పొద్దున్న వచ్చి, నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి రాసిన ఉత్తరం. కల్చర్‌లో మరో బాక్టీరియా కలిసిందని, చూసుకోకపోవడం గైడుగా తన తప్పని ఉంది. నా పేరు ఎక్కడా లేదు.

"గొట్టం తీసింది నేను కదా మేడమ్."

"లాబ్ నాది. అక్షరదోషాలేమైనా ఉంటే చూడు, సాయంత్రం పంపాలి."

ఒక దోషం ఉంది. దిద్ది ఇచ్చాను.

యానిమల్ హౌస్‌కి వెళ్ళి దాదాకి చెప్పాను. మీరన్నదే నిజం, తప్పు నాదే అని. ఆయన బోను కడుగుతున్నాడు. కుళాయి కట్టలేదు.

"మరి మళ్ళీ కుందేళ్ళు కావాలా?"

"రెండు కావాలి."

"ఈసారి జ్వరం రాదుగా?"

"రాకూడదు."

"రాదని చెప్పు దిది" అన్నాడు.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టమైంది. నాన్న జ్వరం తర్వాత బాగా చిక్కిపోయాడు. గంజి తాగుతూ నా మాటలన్నీ విన్నాడు.

"అయితే సేసిందంతా పోనాదేటి?"

"చాలావరకు పోయింది నాన్నా."

"మళ్ళీ మొదట్నుంచా?"

"ఆ."

"ఎన్నాళ్ళు పడతాది?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

గిన్నె కింద పెట్టాడు. "ఒగ్గేస్తావేటి?"

"తెలీదు. ఓపిక లేదు నాన్నా."

"ఓపిక నేకపోతే పడుకో. రేపాలోసించు" అని, గిన్నె పట్టుకుని తనే లేచాడు. నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. రెండు గదులు దాటి వంటింటికి వెళ్ళడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

నిజంగానే పడుకున్నాను. పది రోజులు లాబ్‌కి వెళ్ళలేదు. ఉద్యోగాల ప్రకటనలు చూశాను, ఒక బడికి దరఖాస్తు కూడా పెట్టాను. పదకొండో రోజు వెళ్ళాను. గొప్ప పట్టుదలేమీ కాదు. బల్బుల ముందు సీసాలు అలాగే ఉంటాయి, కనీసం వాటిని కడిగి పెట్టాలి కదా అనిపించింది. కడిగాక చేతులు ఊరుకోలేదు, ఒక ప్లేటు గీశాను.

ఊదా చుక్కని తెల్లవాటినుంచి విడదీయడానికి మూడు నెలలైంది. గీయడం, ఆగడం, ఒక్క చుక్క ఏరడం, మళ్ళీ గీయడం. పదిహేను సార్లు గీశాక కూడా నమ్మలేక పదహారోసారి గీశాను. ఆ తర్వాత ప్రతి సోమవారం మైక్రోస్కోపు కింద చూసి, నోటుబుక్కులో సంతకం పెట్టేదాన్ని. మేడమ్ కూడా వచ్చి చూసి, కింద తన సంతకం పెట్టేది. మా మధ్య మాటలు అంతకన్నా ఎక్కువ ఉండేవి కావు. ఒకళ్ళమీద ఒకళ్ళకి కోపం లేదు. ఇద్దరం అలసిపోయాం.

మళ్ళీ సీసాలు, మళ్ళీ ఫినాల్, మళ్ళీ చిటికెడు పొడి. ఈసారి అందులో ఏడు కర్బనాల చక్కెర లేదు. ఉన్నవి మామూలు చక్కెరలు. కొవ్వు ఆమ్లాలు ఊదా బాక్టీరియాలకు ఉండే పద్ధతిలోనే ఉన్నాయి. కొత్త కుందేళ్ళకు సూది వేసే రోజు దాదా గరిక కోసుకొచ్చి పక్కన పెట్టుకున్నాడు. సూది అయ్యాక ఇద్దరం బోను ముందు పీటల మీద కూర్చున్నాం. అరగంట గడిచింది. ముందు ఒక కుందేలు ముక్కు ఆడించి ఒక పోచ లాగింది. కాసేపటికి రెండోది. దాదా వాటి చెవులు పట్టుకుని చూసి, నన్నూ పట్టుకుని చూడమన్నాడు. చల్లగా ఉన్నాయి.

వాటి సీరమ్ పేగు బాక్టీరియా ఎల్‌పీఎస్‌ని గుర్తుపట్టలేదు. పలకలో ఒకే గీత పడింది, అది మా దానికే. మా బాక్టీరియాకి పేగు బాక్టీరియాతో ఏ చుట్టరికమూ లేదు. చుట్టాలైన ఊదా బాక్టీరియాలు ఎలా ఉంటాయో ఇదీ అలాగే ఉంది. ఇదీ ఫలితం. దీన్ని పేపరుగా రాస్తే, ఊహించినదే కదా అని రెండు పత్రికలు తిప్పి పంపాయి. మూడోది చిన్న వ్యాసంగా వేసుకుంది.

అప్పటికి మేడమ్ రిటైరైంది. వీడ్కోలు సభలో ఆవిడ చేసిన పనుల జాబితా చదివారు. అందులో మా పని లేదు. థీసిస్ రాసేటప్పుడు ఆవిడే ఆటో పట్టుకుని వచ్చి, లైబ్రరీలో కూర్చుని ఒక్కో అధ్యాయం దిద్దింది. కల్చర్ చెడిన సంగతి నాలుగు పేజీలు రాశాను. కొత్త గైడు అది తీసేయమన్నాడు. ఆవిడని అడిగితే, "ఉంచు. నీకు ఇష్టం లేకపోతే తీసెయ్" అంది. ఉంచాను.

వైవాకి నాన్న వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చివరి వరసలో దాదా పక్కన కూర్చున్నాడు. నేను మొదలుపెట్టిన పది నిమిషాలకి ఇద్దరూ నిద్రపోయారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ నాలుగు పేజీలు తెరిచి, "ఇది ఎందుకు పెట్టారమ్మా? మీకే నష్టం కదా" అన్నాడు.

"మురుగునీళ్ళ నుంచి తెచ్చిన కల్చర్లతో ఇది ఎవరికైనా జరగొచ్చు సార్. ఎలా పట్టుకోవాలో వాళ్ళకి తెలుస్తుందని."

"మీరు ఎలా పట్టుకున్నారు?"

"నేను కాదు సార్. కుందేళ్ళను చూసుకునే ఆయన పట్టుకున్నారు. అదుగో, చివరి వరసలో ఉన్నారు."

పరీక్షకుడు వెనక్కి తిరిగి చూశాడు. దాదా నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన నవ్వి పేజీ తిప్పాడు.

ఇప్పుడు నగరం అంచున న్యూ టౌన్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. సూదిమందుల్లో పేగు బాక్టీరియా విషం ఉందో లేదో చూసే పని. కుందేళ్ళు అక్కర్లేదు, గాజుగొట్టాలు చాలు. రోజంతా అవే గొట్టాలు, అదే గడియారం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. బస్సులో సీటు దొరికితే నిద్రపోతాను, దొరకకపోతే నిలబడే తూగుతాను. మేడమ్ పండగలకి ఫోను చేస్తుంది. ఎక్కువ మాట్లాడుకోం. దాదా ఊరికి వెళ్ళిపోయాడు.

నిన్న ఇంటికి వచ్చేసరికి నాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. "ఏటమ్మా, ఇయ్యాలేటైనా దొరికినాదేటి?" అన్నాడు.

"ఏమీ దొరకలేదు నాన్నా. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి."

"మరెందుకలగున్నావు?"

"అలసట" అన్నాను. ఆయన కుర్చీ పక్కకి జరుపుకుని నాకు దారి ఇచ్చాడు. వెళ్ళి కాళ్ళు కడుక్కుని, కుక్కరు పెట్టాను.